నాలుగు గంటల నలభై నిమిషాలు

విమానాశ్రయానికి వెళ్లే బస్సును లెక్కలో వేయడం తొండి అని తూవా అప్పటికి మూడోసారి అంటోంది.

"తొండేముంది? బస్సెక్కకుండా వంటింటి కిటికీలోంచి విమానంలోకి దూకుతావా?" అన్నాడు హోకన్. అతను సింకు దగ్గర నిలబడి బంగాళాదుంపల తొక్క తీస్తున్నాడు. బస్సు, తనిఖీ, ఎదురుచూపు, స్టాక్‌హోమ్‌లో ఇంకో విమానంలోకి మారడం, ఇవన్నీ కలిపితే దేశం దక్షిణపు కొసనున్న మా మాల్మో నుంచి ఉత్తరపు కొసనున్న కిరునాకి విమానంలో వెళ్లినా పగలంతా గడిచిపోతుందని నా భర్త వాదన.

"అయితే రైలుకి కూడా స్టేషన్ దాకా నడక కలుపు. నువ్వు గడియారం నీకు కావలసిన చోట మొదలుపెట్టి, కావలసిన చోట ఆపుతున్నావు నాన్నా."

తూవాకి పదహారు నిండబోతున్నాయి. చేతిలో కాగితం మీద అంతా రాసి పెట్టుకుంది. రెండు విమానాశ్రయాల మధ్య సూటిగా కొలిస్తే పద్నాలుగు వందల పదిహేను కిలోమీటర్లు. గాల్లో ఉండేది రెండు గంటల నలభై నిమిషాలు, మధ్యలో ఆగేది రెండు గంటలు. మొత్తం నాలుగు గంటల నలభై నిమిషాలు. రైలుకైతే ఇరవై మూడు గంటలు.

ఈ లెక్కలు దానికి నేర్పింది మా అన్నయ్య రూనె. ముప్పై ఏళ్లు కిరునా విమానాశ్రయంలో రన్‌వే మీద మంచు తోసే బండి నడిపాడు. ఆకాశం వైపు చూసి ఏ విమానం ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వస్తోందో చెప్పేవాడు. తూవా ఆరేళ్లప్పటి నుంచి ప్రతి వేసవికీ మెడలో పేరు రాసిన సంచీ వేసుకుని ఒక్కతే విమానంలో అతని దగ్గరికి వెళ్లేది. దిగేసరికి మామయ్య పసుపు కోటు వేసుకుని మెట్ల కింద నిలబడి ఉండేవాడు. చలికాలమంతా ఇద్దరూ ఫోన్లో ఆడుకునేవాళ్లు. ఇక్కడ దీని ముందొక గ్లోబు, అక్కడ ఆయన ముందొక గ్లోబు, చేతుల్లో దారాలు. కిరునా నుంచి నైరోబీ ఎంత అంటే ఎంత. తప్పు చెబితే, "దారం వదులుగా పట్టుకున్నావు, బిగించి చూడు" అనేవాడు.

అసలు ఆ రోజు గొడవ బస్సు గురించి కాదు. రూనె ఊపిరితిత్తులు జబ్బు పడ్డాయి. ఈస్టర్ సెలవులకి తూవాని పంపమని అడిగాడు. ఇంకా రెండు వారాలుంది, కానీ ఉత్తరానికి పోయే రాత్రి రైళ్లలో పడుకునే చోట్లన్నీ మంచు మీద జారడానికి పోయేవాళ్లు జనవరిలోనే పట్టేసుకున్నారు. విమానంలో చోటుంది. కానీ మేము విమానం ఎక్కం.

విమానం ఎక్కడమంటే సిగ్గుపడాల్సిన పని అని మా దేశంలో ఇంటింటా అనుకుంటున్న ఏడాది అది. ఏడాదిపాటు నేల మీదే తిరుగుతామని మా ఇంట్లో నలుగురం కాగితం మీద సంతకాలు చేశాం. తొమ్మిదేళ్ల మెల్కర్ కూడా చేశాడు. చేయించింది నేనే. కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించి, ఎవరు ఎక్కడికి వెళ్లినా దేనిమీద వెళ్లారో దాని కింద రాసేవాళ్లం. ఊరి పత్రికవాళ్లు వచ్చి ప్లాట్‌ఫాం మీద మా ఫోటో తీశారు. ముందు వరసలో నేను, భుజాన సంచీతో. నేను పనిచేసే గ్రంథాలయంలో మే నెలలో దీని గురించే నా ప్రసంగం పెట్టారు. రోజూ ఎవరో ఒకరు పుస్తకాలు తిరిగిస్తూ నన్ను మెచ్చుకునేవారు. ఆ మెప్పు నాకు ఎంత బాగుండేదో ఇప్పుడు చెప్పుకోవాలంటే కష్టంగా ఉంది.

"ఒక్కసారికి వెళ్తే ఏమవుతుందమ్మా?" అని చివరికి తూవా నన్నే అడిగింది.

"నలుగురం కలిసి ఒప్పుకున్నాం తూవా."

"మామయ్య కోసమైనా?"

జూన్‌లో స్కూలు ముగిశాక అందరం రైల్లో వెళదామన్నాను. ఆ సాయంత్రమే జూన్ పదమూడుకి నాలుగు టికెట్లు కొన్నాను. కొన్నాక నాకు తేలికగా అనిపించింది.

* * *

ఏప్రిల్ చివరి వారంలో గున్నెల్ వదిన ఫోన్ చేసింది. ఆమె మాటలు పొదుపుగా వాడే మనిషి. "రాగలిగితే ఇప్పుడే రా" అని పెట్టేసింది.

మర్నాడే బయల్దేరాలి. నేను బట్టలు సర్దుకుంటుంటే తూవా తన సంచీ కూడా తెచ్చి నడవలో, చెప్పుల పక్కన పెట్టింది. నేనూ వస్తానంది. శుక్రవారం లెక్కల పరీక్ష ఉంది కదా అన్నాను. మళ్లీ రాయనిస్తారంది. రైల్లో రానూ పోనూ రెండు రోజులు పోతాయి, తొమ్మిదో తరగతి చివర, ఇప్పుడు కాదు అన్నాను. జూన్‌లో టికెట్లున్నాయిగా అన్నాను. అది సంచీ తీసుకుని గదిలోకి వెళ్లింది.

అప్పటికే నా ఫోన్లో విమానం టికెట్టు ఉంది. అన్నయ్యని చూడగలనో లేదోననే భయంతో కొన్నాను. ఆ భయం వరకు నిజమే. కానీ తూవా వెంట వస్తే నేను కూడా రైల్లోనే వెళ్లాలి, లేదా విమానం ఎక్కుతున్నానని అందరికీ చెప్పాలి. రెండూ నాకు ఇష్టం లేకపోయింది. అందుకే దాన్ని ఆపాను. పరీక్ష ఒక వంక.

గురువారం పదకొండింటి రైలుకి వెళ్తున్నానని చెప్పి, అందరూ బడికీ పనికీ వెళ్లాక ఎనిమిదిన్నరకి విమానాశ్రయం బస్సెక్కాను. టోపీ కళ్ల మీదికి లాక్కుని వెనక సీట్లో కూర్చున్నాను.

రూనె సోఫాలో, కిటికీ పక్కన, ముక్కుకి గొట్టం పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. బయట మంచు ఇంకా నడుం లోతు ఉంది, ఎండ కళ్లు పొడుస్తోంది. నేను తలుపు తీసుకుని వచ్చేసరికి గోడ గడియారం చూశాడు.

"పదింటి విమానం. స్టాక్‌హోమ్‌లో మారి వచ్చావు. దిగడం పది నిమిషాలు ఆలస్యమైంది, గాలి ఎదురుగా ఉంది" అన్నాడు. తర్వాత నా వెనక్కి చూశాడు. "అదేది?"

పరీక్షలన్నాను. అతను తల ఊపాడు.

ఆ మధ్యాహ్నం అతను బాగున్నాడు. ఇది చెప్పక తప్పదు. మా ఉత్తరాది అలవాటుగా కాఫీలో జున్ను ముక్కలు వేసుకుని చెంచాతో తిన్నాడు. మధ్యమధ్య ఊపిరికి ఆగినా, రెండు గంటలు మాట్లాడాడు. చిన్నప్పుడు నేను గడ్డకట్టిన చెరువు మీద చేపలు పట్టడానికి కొట్టిన కన్నంలో కాలు పెట్టి అతని బూటు పోగొట్టిన సంగతి చెప్పి, ఆ బూటుకి ఇంకా నేను బాకీ అన్నాడు.

అయిదున్నరకి బల్ల మీద నా ఫోన్ మోగింది. తూవా పేరు ఇద్దరికీ కనబడుతోంది.

"తీయవేం?" అన్నాడు.

"ఇప్పుడు నేను రైల్లో ఉన్నాను అన్నయ్యా."

అర్థం కావడానికి అతనికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వాడు. నవ్వు దగ్గయింది. గున్నెల్ వచ్చి వీపు రాసింది. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. నిమిషం తర్వాత మళ్లీ మోగింది.

"అయితే నేనూ దానితో మాట్లాడకూడదన్నమాట" అన్నాడు రూనె.

రేపు పొద్దున మాట్లాడొచ్చు, పదింటికి నేను "వస్తాను" కదా అన్నాను. గున్నెల్ కాఫీ గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. అతను దుప్పటి సర్దుకుని కిటికీ వైపు తిరిగాడు. రైల్లో నెట్‌వర్క్ సరిగా లేదని తూవాకి మెసేజ్ పెట్టాను.

శుక్రవారం తెల్లవారేసరికి అతనికి ఊపిరి ఆడలేదు. నర్సు వచ్చి ఇంజెక్షన్ ఇచ్చింది. పదింపావుకి నేను పెరట్లో మంచులో నిలబడి తూవాకి ఫోన్ చేశాను. తూవా పరీక్షకి వెళ్లబోతోంది.

"వచ్చేశాను" అన్నాను.

"రైలు సమయానికే వచ్చిందా?"

"సమయానికే."

నిద్ర పట్టిందా అని అడిగింది. పై బెర్తులో ఒకాయన గురక పెట్టాడని చెప్పాను. పొద్దున్నే మంచు మీద ఎండ ఎంత బాగుందో చెప్పాను. అడగనివి కూడా చెప్పాను. మామయ్యకి ఫోన్ ఇవ్వమంది. నిద్రపోతున్నాడన్నాను.

మా ఉత్తరాదివాళ్లు అవును అనడానికి బదులు ఊపిరి చప్పున లోపలికి పీలుస్తారు. తూవా మాల్మోలో పుట్టినా ఆ అలవాటు మామయ్య దగ్గర పట్టుకుంది. అలా ఊపిరి పీల్చి ఫోన్ పెట్టేసింది.

* * *

తిరుగు ప్రయాణం మాత్రం రైల్లోనే చేశాను. దానితో సగమైనా నిజమైందని నాకు నేను చెప్పుకున్నాను. ఇంటికి వచ్చేసరికి ఫ్రిజ్ మీద కాగితంలో నా వరస నిండి ఉంది. "అమ్మ, కిరునా, రైలు." తూవా చేతిరాత. నేను రాయాల్సిన పని తప్పింది కదా అనుకున్నాను.

మే రెండో వారంలో గ్రంథాలయంలో ప్రసంగం. అరవై మంది వచ్చారు. తూవా కాఫీ, దాల్చినచెక్క రొట్టెలు అందించి ముందు వరసలో కూర్చుంది. చివర్లో ఒక పెద్దావిడ లేచి, నిజంగా అవసరం వచ్చినప్పుడు కూడా విమానం ఎక్కకుండా ఉండగలమా అని అడిగింది. రాసుకున్న కాగితాల్లో ఆ ప్రశ్నకి జవాబు లేదు. మా అన్నయ్య చావుబతుకుల్లో ఉన్నాడనీ, రెండు వారాల కిందటే చూడడానికి వెళ్లాననీ, ఇరవై మూడు గంటల ప్రయాణంలో అతని గురించి ఆలోచించుకోవడానికి సమయం దొరికిందనీ చెప్పాను. ఆవిడ కళ్లు తుడుచుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. తూవా కూడా రెండు చేతులూ కలిపింది, చప్పుడు రాకుండా. తర్వాత లేచి ఖాళీ కప్పులు పోగు చేయడం మొదలుపెట్టింది.

రూనెని ఆస్పత్రిలో చేర్చారు. తూవా రోజూ ఫోన్ చేసేది. గున్నెల్ అతని చెవి దగ్గర పెట్టేది. ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎంత దూరమో దారం పట్టుకుని ఇదే చెప్పేది. సరిగ్గా చెప్పానా మామయ్యా అని అడిగేది. అవతలి నుంచి ఊపిరి పీల్చిన చప్పుడు వచ్చేది. అది అవునో, ఉత్త ఊపిరో మాకు తెలియదు. మే పదిహేడున పోయాడు.

ఇక్కడ అంత్యక్రియలకి మూడు నాలుగు వారాలు పట్టడం మామూలే. గున్నెల్ వదిన మా టికెట్ల తేదీ అడిగి, అంత్యక్రియలు జూన్ పద్నాలుగున పెట్టించింది. అతన్ని చూడడానికి కొన్న టికెట్లే అవి.

* * *

రాత్రి రైలు ఉదయం బూదెన్ స్టేషన్‌లో చాలాసేపు ఆగుతుంది. ఆరింటికే ఎండ బాగా ఎక్కింది. పై బెర్తుల్లో హోకన్, మెల్కర్ పడుకున్నారు. తూవా, నేను కింద కిటికీ పక్కన కూర్చుని ఫ్లాస్కులో కాఫీ పంచుకుంటున్నాం.

"ఇక్కడే ఆగింది" అంది తూవా.

"ఏది?"

"నువ్వెక్కిన రైలు."

నేను ఫ్లాస్కు మూత తిప్పి బిగించాను.

"శుక్రవారం పొద్దున అయిదున్నరకి. ముందు ఎక్కడో కరెంటు తీగ తెగింది. ఫోన్లో రైళ్ల మ్యాపు చూస్తూ కూర్చున్నాను, నీ రైలు చుక్క ఇక్కడే ఉండిపోయింది. పదకొండున్నరకి బస్సులు వచ్చాయి. అందరూ కిరునా చేరేసరికి నాలుగయింది. నువ్వు పదింపావుకి ఫోన్ చేశావు."

గొంతులో కోపం లేదు. కాగితం చూసి చదువుతున్నట్టు చెప్పింది. పై బెర్తులో హోకన్ ఊపిరి మారింది. మెలకువగా ఉన్నాడని తెలిసింది.

"మరి ఆ రోజే ఎందుకు అడగలేదు?" అన్నాను.

"అడిగాను కదమ్మా. సమయానికే వచ్చిందా అని."

ప్లాట్‌ఫాం మీద ఒకావిడ కుక్కని నడిపిస్తోంది. ఆవిడ చివరిదాకా వెళ్లి వెనక్కి తిరిగేదాకా చూశాను.

"ఆ కాగితం మీద రైలని నువ్వెందుకు రాశావు?"

"ఖాళీగా ఉంటే మెల్కర్ అడుగుతాడు. మళ్లీ వాడికి కూడా చెప్పాలి నువ్వు."

చెప్పాలంటే, అబద్ధం చెప్పాలని దాని ఉద్దేశం. తల్లికి ఇంకో అబద్ధం తప్పించింది. ఆరు వారాలు దానితో ఒకే బల్ల దగ్గర తిన్నాను. దాని ముందు నిలబడి అరవై మందికి కథ చెప్పాను.

"గురువారం మామయ్య బాగున్నాడా?" అని అడిగింది.

అబద్ధం చెప్పడానికి అది కూడా ఒక చోటే. దానికి నొప్పి తగ్గేది.

"బాగున్నాడు. జున్ను వేసుకుని కాఫీ తాగాడు. రెండు గంటలు మాట్లాడాడు."

"రెండుసార్లు ఫోన్ చేశాను."

"మోగింది. వింటూ కూర్చున్నాం."

"మామయ్య కూడానా?"

"మామయ్య కూడా. తీయమన్నాడు."

తూవా కిటికీ వైపు తిరిగింది. రైలు కదిలింది. నేను చెయ్యి చాపి దాని మోకాలి మీద పెట్టబోయి మానేశాను. అక్కడి నుంచి కిరునా దాకా నాలుగు గంటలు అది బయటికి, నేను ఫ్లాస్కు వైపు చూస్తూ కూర్చున్నాం. మెల్కర్ లేచి దుప్పి కనబడిందని అరిచినప్పుడు మాత్రం అందరం చూశాం.

చర్చి లోంచి శవపేటిక బయటికి తెస్తుంటే పైన విమానం చప్పుడైంది. విమానాశ్రయంలో అతనితో పనిచేసినవాళ్లు, నల్ల కోట్లలో ఏడెనిమిది మంది, ఒక్కసారిగా చేతి గడియారాలు చూసుకున్నారు. "ఆరు నిమిషాలు లేటు" అని ఒకాయన గొణిగాడు. తూవా నవ్వింది. ఆ తర్వాత గున్నెల్ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను.

* * *

శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో టాకోలు. ఇక్కడ ఏ ఇంట్లో అయినా అంతే. జూలై మొదటి శుక్రవారం నేను దోసకాయ తరుగుతూ, చెప్పాల్సిన వాక్యాలు లోపల కూడబలుక్కున్నాను. ఆ ఉదయమే మా గ్రంథాలయం పెద్దతో మాట్లాడాను. ఆమె అక్టోబరులో నా పేరు మీద ఉన్న ఇంకో ప్రసంగాన్ని ఏం చేద్దామని అడిగింది. జరిగింది జరిగినట్టు చెబుతానన్నాను.

అందరూ రొట్టెల్లో కూర నింపుకుంటున్నారు. మెల్కర్ తన ప్లేటంతా మొక్కజొన్న గింజలు పోసుకున్నాడు.

"ఏప్రిల్‌లో నేను కిరునాకి రైల్లో వెళ్లలేదు" అన్నాను. "విమానంలో వెళ్లాను. మీ అందరికీ అబద్ధం చెప్పాను. తూవాని రావద్దన్నది కూడా అందుకే."

ఇది మెల్కర్‌కి ఒక్కడికే కొత్త సంగతి. వాడు నన్ను చూశాడు, నాన్నని చూశాడు, తల తిప్పి ఫ్రిజ్ వైపు చూశాడు.

"మరి అక్కడ రైలని రాసుందిగా?"

"అది నేను రాశాను" అంది తూవా. "తప్పు రాశాను."

లేచి వెళ్లి, ఫ్రిజ్ మీద వేలాడే పెన్నుతో ఆ మాట కొట్టేసింది. పైన ఏమీ రాయలేదు. పెన్ను నాకు అందిస్తుందేమో అనుకున్నాను. దాన్ని మళ్లీ దారానికే వదిలి వచ్చి కూర్చుంది.

"నేను కూడా ఒకటి చెప్పాలి" అంది. గొంతు పెంచలేదు, రొట్టె మడత పెడుతూనే చెప్పింది. "తొమ్మిది అయ్యాక చేరే పైస్కూలు ఎంపిక మే నెలలో మార్చుకున్నాను. నిన్న జవాబొచ్చింది. కిరునాలో సీటు వచ్చింది. గున్నెల్ అత్తయ్య దగ్గర ఉంటాను, మూడేళ్లు."

నేను హోకన్ వైపు చూశాను. అతను ప్లేటులోకి చూస్తున్నాడు. కాగితాల మీద తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరు సంతకం పెట్టి ఉండాలి.

"రైల్లో వెళ్తావా?" అన్నాడు మెల్కర్.

"విమానంలో. ఆగస్టు పదిహేడున, పదింటికి."

"ఎంతసేపు పడుతుంది?"

"నాలుగు గంటల నలభై నిమిషాలు." తూవా నా వైపు చూసింది. "బస్సు కూడా కలిపితే ఆరున్నర గంటలు. దింపడానికి ఎవరూ రానక్కర్లేదు. ఒక్కదాన్నే వెళ్తాను."